సమాధానం: మేనమామల బోరు తగువు ఎలా తేల్చాలి?

మీ మేనమామలిద్దరూ ఉమ్మడి బోరు నీళ్ల వంతు తేల్చమని మిమ్మల్ని పిలిస్తే, కూర్చున్న ప్రతిసారీ అరుపులతోనే ముగుస్తోందన్నారు. చిక్కు మీరు తీర్పు చెప్పబోవడంలో ఉంది. "పెద్దమామదే న్యాయం" అనగానే చిన్నమామకి మీరు అవతలి పక్షం అయిపోయారు.

ఈసారి ముందు విడివిడిగా మాట్లాడండి. ఒకరు చెప్పింది, వాళ్లు ఒప్పుకుంటే తప్ప, రెండోవాళ్లకి చేరవేయకండి. "ఎన్ని గంటలు కావాలి?" అని కాకుండా "ఏ పంటకి, ఏ నెలలో నీళ్లు తప్పితే నష్టం?" అని అడగండి. ఒకరిది వరి, ఇంకొకరిది మిర్చి అయితే తడుల రోజులు మార్చుకునే వీలుంటుంది. విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి "ఇంతేనా మామయ్యా?" అనండి. కోపం చాలావరకు అక్కడే దిగుతుంది. మన పెద్దమనుషులు చాలామంది చేయనిదీ ఇదే!

ఒప్పందం కుదిరితే, అందులో మోటారు రిపేరు ఖర్చు, కరెంటు పోయిన రోజు వంతు ఎవరిది అన్నవీ రాయించండి. కేసు వేయకుండానే మండల న్యాయ సేవాధికార సంస్థకి అర్జీ పెట్టుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ నమోదు చేయించుకోవచ్చు. అక్కడ ఇచ్చే అవార్డు (రాజీ ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం, దానిపై అప్పీలు ఉండదు.