క్యాన్ నీళ్ల ప్లాస్టిక్ గర్భిణికి ప్రమాదమా?

ప్రశ్న: మా అమ్మాయికి ఏడో నెల. పురిటికి తీసుకువచ్చాం. మేము తాగేది 20 లీటర్ల క్యాన్ నీళ్లే. అవి ఆటోలో ఎండకు ఎండుతూ వస్తాయి. ఆ ప్లాస్టిక్‌లోని రసాయనం హార్మోన్లను చెడగొడుతుందని ఎవరో చెప్పినప్పటి నుంచి అమ్మాయి నీళ్లు తాగడానికే జంకుతోంది. ‘బీపీఏ ఫ్రీ’ అని రాసిన సీసాలు కొంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా, నీళ్లు తగ్గించవద్దని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి. ఏడో నెలలో ఒంట్లో నీరు తగ్గడం వల్ల కలిగే ఇబ్బంది ఖాయం. క్యాన్ వల్ల ఎంత హాని అన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా తేలలేదు.

మీరు విన్న రసాయనం పేరు బిస్‌ఫినాల్-ఏ (బీపీఏ). పాలీకార్బొనేట్ అనే గట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్‌ను దీనితోనే తయారు చేస్తారు. ఇది ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌లా పనిచేస్తుందని బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ డాడ్స్ 1936లోనే గుర్తించారు. రెండేళ్ల తర్వాత ఆయన బృందమే తయారు చేసిన డీఈఎస్ అనే ఇంకా బలమైన కృత్రిమ హార్మోన్‌ను గర్భస్రావాలు ఆపుతుందన్న నమ్మకంతో అమెరికాలో దశాబ్దాల పాటు గర్భిణులకు ఇచ్చారు. వారికి పుట్టిన ఆడపిల్లల్లో కొందరికి యుక్తవయసులో అరుదైన యోని క్యాన్సర్ వస్తోందని 1971లో బయటపడింది. అది మందు మోతాదు, ప్లాస్టిక్ నుంచి వచ్చేదానితో పోల్చదగినది కాదు. అయితే అవయవాలు ఏర్పడే దశలో హార్మోన్ల సంకేతాలు తప్పితే ఫలితం ఏళ్ల తర్వాత కనిపించవచ్చని తెలిసింది దాని వల్లనే.

ఎంత వరకు సురక్షితమన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో బిస్‌ఫినాల్-ఏ రోజువారీ పరిమితిని కిలో శరీర బరువుకు 0.2 నానోగ్రాములకు (నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు), అంటే అంతకుముందున్న దానిలో 20,000వ వంతుకు తగ్గించింది; జర్మనీ ప్రభుత్వ సంస్థ మాత్రం అదే ఏడాది 200 నానోగ్రాముల వరకు ఫరవాలేదన్నది.

మీ క్యాన్ అడుగున త్రికోణంలో 7 అంకె, పక్కన ‘పీసీ’ అనే అక్షరాలు ఉంటే అది పాలీకార్బొనేట్. 1 ఉంటే పెట్ అనే మరో రకం ప్లాస్టిక్, దాని తయారీలో బిస్‌ఫినాల్-ఏ వాడరు. పాలీకార్బొనేట్ సీసాలలో మరుగుతున్న నీళ్లు పోసినప్పుడు ఈ రసాయనం 15 నుంచి 55 రెట్లు వేగంగా దిగిందని 2008లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం చూపింది. ఎండ వేడి అంత కాకపోయినా, క్యాన్ రాగానే నీళ్లను స్టీలు బిందెలోకి వంపేస్తే ఆ సందేహమూ తగ్గుతుంది.

‘బీపీఏ ఫ్రీ’ ముద్రను నేను పెద్దగా నమ్మను. బిస్‌ఫినాల్-ఏ బదులు చాలాచోట్ల వాడుతున్న బిస్‌ఫినాల్-ఎస్ కూడా హార్మోన్ల మీద పనిచేసేదే.

నిజానికి నా ఆందోళన నీళ్ల క్యాన్ గురించి కాదు, కర్రీ పాయింట్ నుంచి పొగలు కక్కుతూ కవర్లలో వచ్చే సాంబారు, కూరల గురించి. పాలిథిన్‌లో బిస్‌ఫినాల్-ఏ ఉండకపోవచ్చు. కానీ ఏ ప్లాస్టిక్‌లో ఏమేమి కలిపారో కవరు మీద రాసి ఉండదు, పైగా వేడి, నూనె కలిస్తే ఆ కలిపినవి ఆహారంలోకి ఎక్కువగా దిగుతాయి. స్టీలు క్యారేజీ తీసుకువెళ్లండి. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మైక్రోవేవ్‌లో వేడి చేయకండి. దుకాణాల్లో ఇచ్చే, తరచూ బిస్‌ఫినాల్ పూత ఉండే నున్నటి థర్మల్ కాగితపు బిల్లులను శానిటైజర్ రాసిన తడి చేత్తో పట్టుకోకపోవడం కూడా మంచిదే.

ఈ జాగ్రత్తల ఫలితం త్వరగానే ఉంటుంది. అమెరికాలో ఐదు కుటుంబాలకు చెందిన 20 మందికి మూడు రోజులు రేకు డబ్బాల్లో, ప్లాస్టిక్‌లో నిల్వ చేయని తాజా వంట పెడితే మూత్రంలో బిస్‌ఫినాల్-ఏ సగటున మూడింట రెండు వంతులు తగ్గిందని 2011లో ప్రచురించారు. ఒంట్లోకి చేరినది చాలావరకు ఒక రోజులోనే బయటికి పోతుంది కనుక దీనికోసం డబ్బు పోసి పరీక్షలు చేయించనక్కరలేదు. మీ డాక్టరు రాసిన థైరాయిడ్, చక్కెర పరీక్షలు మాత్రం వాయిదా వేయకండి.