ఔటర్ మీద ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎనిమిది వరసలు కదా! అయినా సాయంత్రం గచ్చిబౌలి దగ్గర దిగేచోట బండ్లు బారులు తీరుతున్నాయి. ఇంకో రెండు వరసలు వేస్తే తీరుతుందా?

జవాబు: తీరదు. చిక్కు రోడ్డులో లేదు, గుమ్మంలో ఉంది. ఒక వరసలో సాఫీగా గంటకు సుమారు 2,000 కార్లు పోతాయి. అవే ర్యాంపు (ఔటర్ ఎక్కే, దిగే వాలు దారి) దిగి సిగ్నల్ ముందుకొస్తే లెక్క మారిపోతుంది. 120 సెకన్లలో మీ వైపు పచ్చలైటు 30 సెకన్లే వెలిగితే వరసకు గంటకు 450 కార్లకు మించి దాటవు. టోల్ బూత్‌లో ఫాస్టాగ్ చదవక ఒక్కో బండికి 15 సెకన్లు పట్టిందంటే 240 బండ్లే. మిగిలినవన్నీ ర్యాంపు మీద పేరుకుని మెయిన్ రోడ్డుకి ఎగబాకుతాయి. అక్కడ కుడి వరసలోంచి చివరి నిమిషంలో అడ్డంగా కోసుకొచ్చే కారు ఒక్కటి చాలు, నేరుగా పోయేవాళ్లూ బ్రేకు వేస్తారు. ఆ బ్రేకు ఒకరి నుంచి ఒకరికి వెనక్కి పాకుతుంది.

కాబట్టి డబ్బు పెట్టాల్సింది ర్యాంపు అడుగున: ఎడమకు తిరిగేవాళ్లకు ఆగక్కర్లేని దారి, సిగ్నల్ ముందు అదనపు వరస, సర్వీసు రోడ్డు వెడల్పు. లేదా దిగే చోట్లు పెంచాలి. 158 కిలోమీటర్ల ఈ రింగుకి 2023లో నార్సింగి ఇంటర్‌చేంజ్ కలిపినట్టు. అయితే దిగాక ఊళ్లో రోడ్డు ఇరుకైతే అదీ దండగే.

ప్రశ్న: కారు కొత్తగా నేర్చుకున్నాను. ర్యాంపు చివర ఆగి, ఖాళీ చూసుకుని ఎక్కొచ్చా?

జవాబు: వద్దండీ, ప్రమాదం అక్కడే. ఆగిన కారు 80కి అందుకోవడానికి పది సెకన్లయినా పడుతుంది. ఆలోపు వెనక 80లో వచ్చే లారీ 220 మీటర్లు వచ్చేస్తుంది. ర్యాంపు మీదే వేగం పెంచండి. ఇండికేటర్ ముందే వేసి, అద్దం చూసి, ఒకసారి భుజం మీదుగా తల తిప్పి చూడండి. అద్దంలో కనబడని బండి పక్కనే ఉండొచ్చు. ముందున్న బండికి రెండు సెకన్ల దూరం వదిలి ఎడమ వరసలోనే కలవండి. కుడి రెండు వరసలూ 120 దాకా పోయేవాళ్లవి, కాస్త అలవాటయ్యాక చూసుకోవచ్చు.

దిగాల్సిన చోటు దాటిపోతే రివర్స్ మాత్రం చేయకండి. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి వెనక్కి రండి. టోల్ దూరాన్ని బట్టే కనక పోయేది కొద్ది రూపాయలే.