చూపు బాగుందంటే కన్ను బాగున్నట్టేనా?

ప్రశ్న: మాది తాడిపత్రి. బండల పాలిష్ యూనిట్‌లో పని చేస్తాను. వయసు 46. మా నాయనకు నీటికాసులతో ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది కొంచెమే కనిపిస్తుంది. నా చూపు బాగానే ఉంది. పోయినేడు అద్దాల షాపులో కంప్యూటర్‌తో చూసి, చదవడానికి అద్దాలిచ్చారు. దుమ్ముకు కళ్లు ఎర్రబడితే మెడికల్ షాపులో చుక్కలు తెచ్చి వేసుకుంటాను. ఇంకా కంటి డాక్టరు దగ్గరికి పోవాల్సిన పనుందా?

జవాబు: ఉంది. ఈ నెలలోనే పోండి. షాపులో చూసింది మీకు ఏ నంబరు అద్దం కావాలన్నదే. లోపలి నరం ఎలా ఉందో దాంతో తెలియదు.

నీటికాసులనే డాక్టర్లు గ్లకోమా అని రాస్తారు. కంటి లోపలి నీరు సరిగ్గా బయటికి పోక ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేర్చే నరం కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. చాలామందికి నొప్పే ఉండదు. ముందు పోయేది పక్కచూపు. ఒక కంటి లోటును రెండో కన్ను పూడుస్తుంది కాబట్టి పేపరు చక్కగా చదువుతూనే ఉంటారు. పక్కనుంచి వచ్చే బండి కనిపించడం లేదని గమనించేసరికి నరం చాలావరకు పోయి ఉంటుంది. శుక్లమైతే ఆపరేషన్ చేసి లెన్స్ వేస్తే చూపు వస్తుంది. నీటికాసులతో పోయిన చూపు రాదు, మిగిలింది కాపాడుకోవడమే.

నాకు ఎక్కువ భయమేసింది మీ చుక్కల సంగతికి. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అని ఉందేమో చూడండి. ఇవి స్టెరాయిడ్లు. ఎరుపు చప్పున తగ్గిస్తాయి, అందుకే జనానికి అంత నమ్మకం. వారాల తరబడి వేస్తే కొందరికి కంటి ఒత్తిడి పెరుగుతుంది, నీటికాసులున్నవాళ్ల పిల్లలకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. సొంతంగా వేసుకోవద్దు, సీసా డాక్టరుకు చూపించండి. దుమ్ముకు పక్కలు కూడా మూసుకునే గాగుల్స్ పెట్టుకోండి.

కంటి ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. కానీ 18 ఉన్నా నరం దెబ్బతినేవాళ్లున్నారు. అందుకని ప్రెషర్‌తో సరిపెట్టుకోకుండా నరం పరీక్ష, పక్కచూపు కొలిచే ఫీల్డ్ టెస్టు కూడా అడగండి. పరీక్ష కోసం కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బైకు మీద మాత్రం పోవద్దు. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది, కర్నూలులో ప్రాంతీయ కంటి ఆసుపత్రే ఉంది. అంతా బాగుందన్నా ఏటా ఒకసారి చూపించుకోండి.

ఎప్పుడైనా హఠాత్తుగా కన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పి, వాంతులు వచ్చి, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే పైత్యమనుకుని ఊరుకోవద్దు. అదే రోజు ఆసుపత్రికి చేరాలి.

మీ నాయన చుక్కలు వేసుకుంటున్నారా? చూపు పెరగడం లేదని మానేసేవాళ్లు చాలామంది. ఆ మందు చూపు పెంచడానికి కాదు, ఉన్నది నిలబెట్టడానికి. మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకూ ఇదే పరీక్ష అవసరం. వాళ్లలో ఎవరికైనా షుగరుంటే రెటీనా (కంటి వెనక పొర) కూడా ఏటా చూపించుకోమనండి.