కత్తి దగ్గరే ఆగిపోకు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. గిల్బర్ట్ మాటలు రాసి, సలివన్ బాణీలు కట్టి 'మికాడో' అనే ఒపెరా (పాటల నాటకం) తయారుచేసిన కథ చెప్పే 'టాప్సీ-టర్వీ' సినిమా మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. నాలుగో పేజీ దగ్గర కోపం వచ్చి పక్కన పడేశాను. సాయంత్రం మళ్లీ తీసి చివరిదాకా చదివాను. కోపం తగ్గలేదు.

"గోడ మీది జపాను కత్తి కిందపడింది, గిల్బర్ట్ మనసులో మికాడో పుట్టింది" అన్నావు. ఆ వాక్యం చుట్టూనే వ్యాసమంతా కట్టావు. సినిమాలో ఆ కత్తి వచ్చింది జపాను ప్రదర్శన నుంచి. లండన్ నైట్స్‌బ్రిడ్జ్‌లో ఆ ప్రదర్శన తెరిచింది 1885 జనవరి 10న. మికాడో సవాయ్ థియేటర్లో తెర లేచింది మార్చి 14న. మధ్యలో ఉన్నవి రెండు నెలలు. రెండంకాల ఒపెరా రాసి, బాణీలు కట్టి, వెనక వరసలో కలిసి పాడే కోరస్‌కు నేర్పి, దుస్తులు కుట్టించడానికి ఆ రెండు నెలలు ఎలా సరిపోతాయమ్మా? గిల్బర్ట్ 1884లోనే రాయడం మొదలుపెట్టాడు. దర్శకుడు మైక్ లీ కథ సౌకర్యం కోసం ప్రదర్శన అంతకుముందే జరిగినట్టు చూపాడు. సినిమాకు ఆ హక్కు ఉంది. వ్యాసం రాసేవాళ్లకు లేదు.

తప్పు పూర్తిగా నీది కాదని కూడా తెలుసు. "రచనకు ప్రేరణ ఏమిటి?" అని ప్రతి ఇంటర్వ్యూలో అడిగించే సంపాదకులు మన ముందు తరం నుంచీ ఉన్నారు. ఎన్నిసార్లు కొట్టేశారు, ఏ మాట మార్చారు అని ఒక్కరూ అడగరు. రాస్తే స్థలం లేదని కోసేస్తారు. అలాంటి పేజీలు చదువుతూ పెరిగినవాళ్లకు కత్తి కింద పడటమే కనిపిస్తుంది.

ఆ సినిమాలో కత్తి పడేది ఓ క్షణం. తర్వాతదంతా పనే. మరిగే నూనె శిక్ష మాటలొచ్చే ఘట్టాన్ని నటుల చేత చెప్పించే రిహార్సల్ మళ్లీ చూడు. మొదటిసారి మామూలుగా చూడు. రెండోసారి కాగితం మీద మూడు గళ్లు గీసుకో: ఎవరు ఏమన్నారు, గిల్బర్ట్ ఎక్కడ ఆపాడు, తర్వాత ఏం మారింది. మూడోసారి ధ్వని తీసేసి, మాట లేనివాళ్ల ముఖాలు మాత్రం చూడు. నటులు నవ్వించాలని చూస్తారు, అతను మర్యాదగానే ఆపి మళ్లీ మొదటి నుంచి చెప్పమంటాడు. హాస్యం రాసేవాళ్లు నేర్చుకోవలసింది అక్కడుంది. పాత్రకు తను నవ్విస్తున్నానని తెలియకూడదు. నటుడికి తెలిసిపోతే మాట చచ్చిపోతుంది. దీనికి నువ్వు ఇచ్చింది ఒకటిన్నర వాక్యం.

సలివన్‌కు "రాగం దానంతట అదే వచ్చింది" అని కూడా రాశావు. రాలేదు. అతను మొదట రాగం జోలికే పోయేవాడు కాదు. గిల్బర్ట్ పంపిన పంక్తికి ముందు లయ కట్టేవాడు. ఒకే పంక్తిని నాలుగైదు నడకల్లో రాసుకుని చూసి, ఒకటి కుదిరాకే స్వరం పెట్టేవాడు. జంటగా పనిచేయడమంటే ఇదీ. ఒకరి మాట బరువును ఇంకొకరు తూచి చూడటం. వాళ్ల తగువును "అహంకారాల ఘర్షణ" అని తేల్చేశావు. అసలు అది ఒప్పందంలో ఉంది. 1883లో థియేటర్ యజమాని డాయిలీ కార్ట్‌తో రాసుకున్న అయిదేళ్ల ఒప్పందం ప్రకారం, ఆరు నెలల ముందు నోటీసు ఇస్తే వాళ్లిద్దరూ కొత్త ఒపెరా ఇచ్చి తీరాలి. 1884 మార్చిలో నోటీసు వచ్చింది. గిల్బర్ట్ మళ్లీ, మింగినవాళ్లను మార్చేసే మంత్రపు బిళ్ల కథే తెచ్చాడు, సలివన్ వద్దన్నాడు. గడువు ఆగదు కదా. ఆ గడువును పక్కన పెడితే ఆ ఇద్దరి కోపాలు అర్థం కావు.

సంగీతానికి ఆస్కార్ వచ్చిందన్నావు, దిద్దుకో. వచ్చినవి రెండు: దుస్తులకు, మేకప్‌కు. మరి దుస్తుల గురించి ఒక్క ముక్కైనా రాశావా? కార్సెట్ లేకుండా కిమోనో ఎలా వేసుకోవాలని టెనర్ (హెచ్చు స్థాయిలో పాడే గాయకుడు) లీలీ పట్టుబట్టే చోటు ఉంది. నడుం బిగించుకుని పాడటానికి అలవాటుపడ్డ ఒళ్లు అది. ముగ్గురమ్మాయిల పాట కోసం జపాను స్త్రీలను రిహార్సల్‌కు పిలిపించి నడిపించే చోటు ఇంకోటి. ఆ నడకను ఇంగ్లీషు గాయనులు ఎక్కడ పట్టుకున్నారో, ఎక్కడ పట్టుకోలేక వదిలేశారో చూసి రాయి. చాలు.

ఇంకొక చోటు. చివరి డ్రెస్ రిహార్సల్ అయ్యాక గిల్బర్ట్ మికాడో అనే చక్రవర్తి పాత్ర పాడే పాటను తీసేస్తాడు. ఆ పాత్ర వేసే టెంపుల్ ఏమీ అనలేడు, కళ్లు మాత్రం చెబుతాయి. కోరస్ వాళ్లు వెళ్లి అడిగాకే పాట తిరిగొస్తుంది. చరిత్రలోనూ అలాగే జరిగింది. నువ్వు "గిల్బర్ట్ మనసు మార్చుకున్నాడు" అన్నావు. మార్చినవాళ్లు కోరస్! రోజూ వెనక వరసలో నిలబడి ఆ పాట విన్నవాళ్లు. కర్తను మింగేసే వాక్యం ఎప్పుడూ రాయకు.

చివరి పేజీలో, కొట్టేయబోయి వదిలేసినట్టున్న ఒక వాక్యం నన్ను పట్టుకుంది. అదే 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడారని, సురభి సమాజం అక్కడే మొదలైందని. ఒకే ఏడాది. అక్కడ కరెంటు దీపాలు, ఒప్పందపు కాగితాలు. ఇక్కడ ఇంటిల్లిపాదీ వేషం కట్టిన కుటుంబాలు. సురభి వాళ్ల వారసులు ఇంకా ఆడుతున్నారు. వెళ్లి తెర ఎవరు లాగుతారో, అది చిరిగితే ఎవరు కుడతారో, పద్యం తప్పితే ఎవరు అందిస్తారో అడుగు.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. నీ కాగితాలు అంచుల్లో పెన్సిల్ గుర్తులతో తిరిగి పంపుతున్నాను. కత్తి పేరా మొత్తం కొట్టేశాను. సురభి వాక్యం కింద రెండు గీతలు గీశాను, దాన్ని మూడు పేజీలు చేసి పంపు.