నెలనెలా నట్టల మందు తాగిస్తున్నా జీవాలు ఎందుకు చిక్కిపోతున్నాయి?

ఆనందపురం దగ్గర కొండవార ముప్పై మేకలు, గొర్రెలు మేపుతున్నామని, నెలకోసారి మందకంతటికీ నట్టల మందు తాగిస్తున్నా కొన్నిటికి దవడ కింద నీరు దిగుతోందని, ఇంతకంటే గట్టి మందు చెప్పమని అడిగారు. నేను భీమిలి వైపు జీవాలు పెంచుతున్నాను. గట్టి మందు కోసం వెతకొద్దండీ. ఏ జీవానికి మందు అవసరమో చూసి, దానికి సరిపడా తాగించి, బాగున్నవాటిని వదిలేయండి. మా మంద నిలబడింది అలాగే.

దవడ కింద నీరు చాలావరకు రక్తం తాగే నట్టల, అంటే కడుపు పురుగుల పనే. డాక్టర్లు హీమాంకస్ అంటారు. మా మందలో ఒక గొర్రె చనిపోతే పశువుల డాక్టరు గారు దాని నాలుగో పొట్ట కోసి చూపించారు. లోపలి గోడంతా అంగుళం పొడవు సన్నటి పురుగులు, ఎర్ర దారం తెల్ల దారం కలిపి పేనినట్టు. ఎరుపు అది తాగిన రక్తం, తెలుపు దాని గుడ్ల సంచి. ఒక్కో ఆడ పురుగు రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. పెంటికలతో బయటపడిన ఆ గుడ్లు వానాకాలపు వెచ్చటి తేమలో వారం తిరక్కుండానే పిల్ల పురుగులై గడ్డి ఎక్కుతాయి. ఆ గడ్డి మేసిన జీవం కడుపులో మూడు వారాలకల్లా మళ్ళీ గుడ్లు పెట్టే పురుగులు తయారు. మన విశాఖలో జూన్‌లో మొదలైన తడి అక్టోబరు, నవంబరు తుపాన్ల దాకా ఆరదు కాబట్టి వీటికి ఆటంకమే ఉండదు. ఈ పురుగు పడితే పారుడు (విరేచనాలు) పెద్దగా ఉండదు. పారుడు లేదు కదా అని చాలామంది ఊరుకుంటారు, ఈలోపు జీవం రక్తం లేక కూలబడుతుంది. దవడ వాపు మేతకెళ్ళి వచ్చిన సాయంత్రం ఎక్కువగా, తెల్లారేసరికి తగ్గి కనిపిస్తుంది. కాబట్టి సాయంత్రం చూడండి.

మందకంతా నెలనెలా తాగిస్తే మందుకు లొంగే పురుగులన్నీ చచ్చి, లొంగనివి మాత్రమే మిగులుతాయి. అప్పుడు మీ బీడులో పడేవి వాటి గుడ్లే. కొన్నాళ్ళకు ఆ మందు నీళ్ళతో సమానం. బాగున్న జీవాలకు తాగించకపోతే వాటి కడుపులోని మామూలు పురుగుల గుడ్లు కూడా బీడులో కలుస్తాయి, మందు పదును ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది.

ఎవరికి తాగించాలో కన్ను చెబుతుంది. దక్షిణాఫ్రికాలో తయారైన ఫమాచా అనే రంగుల కార్డు ఉంది, 1 నుంచి 5 దాకా. జీవాన్ని వెలుతురులో నిలబెట్టి, పైరెప్పను బొటనవేలితో కనుగుడ్డు మీదకి మెల్లగా నొక్కి, రెండో చేత్తో కింది రెప్ప కిందికి లాగండి. లోపలి పొర ఎర్రగా ఉంటే 1 లేదా 2, వదిలేయండి. పాలిపోయి తెల్లగా ఉంటే 4 లేదా 5, వెంటనే మందు పట్టాలి. మధ్యలో 3 వస్తే పిల్లలకు, చూడివాటికి, చిక్కినవాటికి తాగించండి. వానాకాలంలో రెండు వారాలకోసారి చూడాలి. కార్డు దొరక్కపోతే మొదటిసారి డాక్టరు గారి పక్కన నిలబడి నేర్చుకోండి. కాలేయానికి పట్టే జలగ వ్యాధి, పిడుదులు, మేత చాలకపోవడం వల్ల కూడా కన్ను పాలిపోతుంది. కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకుండా పెంటికల పరీక్ష కూడా చేయించాలి.

ఇక మోతాదు. కంటి అంచనాతో పోస్తే తక్కువ పడుతుంది, మందుకు లొంగని పురుగులు పెరగడానికి అదే దారి. వేలాడే తూకంతో తూయండి. 2.5 శాతం ఆల్బెండజోల్ అనే నట్టల మందులో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు ఉంటాయి. గొర్రెకు కిలోకి 7.5 మిల్లీగ్రాముల లెక్కన 25 కిలోలకు 7.5 మిల్లీలీటర్లు. మేక ఒంట్లో మందు త్వరగా అరిగిపోతుంది, కిలోకి 10 మిల్లీగ్రాముల దాకా కావాలి, అంటే 25 కిలోల మేకకు 10 మిల్లీలీటర్లు. గొర్రె మోతాదే మేకకూ పోయడం మన దగ్గర మామూలైపోయింది, అది మానాలి. సీసా మీద శాతం చూడకుండా మాత్రం పోయొద్దు. చూడి కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ ఇవ్వకండి. వేరే నట్టల మందుల్లో క్లోసాంటెల్ ఎక్కువైతే చూపు పోతుంది, లెవామిసోల్‌కు మోతాదు హద్దు చాలా ఇరుకు. ఈ రెండూ డాక్టరు చెప్తేనే. పట్టేటప్పుడు తల పైకెత్తకుండా నోటి పక్క నుంచి నాలుక వెనక్కి మెల్లగా వదలండి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మీ మందు పనిచేస్తోందో లేదో తేల్చుకోవడం తేలికే. మందు పట్టే ముందు పది జీవాల పెంటికలు నేల మీదవి కాకుండా నేరుగా వాటి నుంచే తీసి, విడివిడి కవర్లలో చల్లగా ఉంచి అదే రోజు పశువైద్యశాలకు పట్టుకెళ్ళండి. మందు పట్టిన 10 నుంచి 14 రోజులకు అవే జీవాలవి మళ్ళీ ఇవ్వండి. గుడ్లు 95 శాతమైనా తగ్గకపోతే ఆ మందుకు పురుగులు అలవాటు పడ్డట్టే. అప్పుడు వేరే రకం మందు డాక్టరే రాస్తారు. పేరు వేరైనా ఫెన్‌బెండజోల్ ఆల్బెండజోల్ కోవలోదే, దానికి మారి లాభం లేదు.

మేపులో కూడా మార్పు కావాలి. పిల్ల పురుగులు గడ్డి మొదట్లో, వేళ్ళకు నాలుగంగుళాల లోపే ఎక్కువ. మంచు ఆరాక మంద వదలండి, గడ్డి నాకేసే దాకా ఒకే చోట ఉంచకండి. మేకలను పొదల వైపు తోలితే వాటికీ ఇష్టమే. చోడి, నువ్వు, వేరుశనగ తీసిన మెట్ట చేలు శుభ్రమైన మేత. చెరువు గట్లూ వరి మడుల తడీ వద్దు, అక్కడి నత్తల వల్ల జలగ వ్యాధి వస్తుంది, దాని మందు వేరు.

దవడ వాచినవాటిని ఇప్పుడే విడిగా కట్టేయండి. పరిగెత్తించొద్దు, రక్తం లేని జీవం అక్కడికక్కడే పడిపోతుంది. మందు పట్టి, వేరుశనగ చెక్క, అవిసె ఆకు, సుబాబుల్ పెట్టండి, ఇనుము మందు ఎంత వేయాలో డాక్టర్ని అడగండి. పాలు, మాంసం ఎన్నాళ్ళు వాడకూడదో సీసా మీద రాసి ఉంటుంది. అమ్మకానికి ఉంచినవాటికి తాగించే ముందు అది చదవండి.