టెక్ సందేహాలు: నిప్పుల గొట్టానికి ఇంటి లాకర్ ఆగుతుందా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో డిజిటల్ లాకర్ కొన్నాం. పెట్టె మీద ‘ఏ కట్టర్‌కూ లొంగదు’ అని ఉంది. కానీ ఒక వీడియోలో ఇనుప గొట్టం కొసన మండే మంటతో మందపాటి ఉక్కు తలుపుకే చిల్లు పెట్టేశారు. అది చూసినప్పటి నుంచి భయంగా ఉంది. మా లాకర్ తట్టుకుంటుందా? – ఒక గృహిణి, కర్నూలు

జవాబు: తట్టుకోదు. కానీ మీరు భయపడాల్సింది ఆ గొట్టానికి కాదు. ఇదే వీడియో గురించి వరసగా ఉత్తరాలు వస్తున్నాయి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మీరు చూసింది థర్మల్ లాన్స్. ఉక్కు గొట్టంలో ఇనుప తీగలు కుక్కి, వెనక నుంచి ఒత్తిడితో ఆక్సిజన్ పంపుతారు. కొసను ఎర్రగా కాల్చి అంటిస్తే, ఆ తర్వాత వేరే మంట అక్కర్లేదు. అక్కడ ఇనుమే ఇంధనం. అగరుబత్తిలా గొట్టం తరిగిపోతూ, కొసన మూడు వేల డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి పుడుతుంది. ఉక్కు దాదాపు 1,500 డిగ్రీలకే కరుగుతుంది. కాంక్రీటు కూడా ఆ వేడికి కరిగి కారిపోతుంది. ఉక్కు కర్మాగారాల్లో గడ్డకట్టిన లోహాన్ని తొలగించడానికి, భారీ యంత్రాల్లో బిగుసుకుపోయిన పిన్నులు ఊడదీయడానికి దీన్ని వాడతారు.

మామూలు గ్యాస్ కటింగ్‌లోనూ అసలు పని ఆక్సిజన్‌దే. విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ ఛాసిస్ కోసే మనిషి చేతిని గమనించండి. మొదట చిన్న మంటతో అంచును వేడిచేస్తాడు. అది నిగనిగలాడే ఎరుపుకు వచ్చేదాకా ఆగి, అప్పుడు మీట నొక్కుతాడు. దూసుకొచ్చేది ఆక్సిజన్ ధార. కాలిన ఉక్కు చిట్టెమై, నిప్పురవ్వలతో కిందికి జారుతుంది. ఆక్సిజన్‌లో ఉక్కు కరగక ముందే, తొమ్మిది వందల డిగ్రీల దరిదాపుల్లోనే అంటుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం ఇలా తెగదు. దాని మీద ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర, కింది ఉక్కు కరిగే వేడికి కూడా కరగదు. లాన్స్ ముందు ఆ పొర కూడా నిలవదు.

మరి దొంగలు లాన్స్‌తో ఎందుకు రారు? నిండు ఆక్సిజన్ సిలిండర్‌ను ఇద్దరు మోయాలి. గొట్టాలు నిమిషాల్లో అయిపోతాయి, మళ్లీ కొత్తవి తగిలించాలి. పొగ, రవ్వలు, చప్పుడు వీధి వీధినంతా లేపుతాయి. పైగా లోపలి నోట్లు, కాగితాలు బూడిదవుతాయి.

ఇక పెట్టె మీది మాట. ‘లొంగదు’ అనే లాకర్ ఎక్కడా లేదు. ఎన్ని నిమిషాలు ఆపుతుందన్నదే కొలత. అమెరికాలో పరీక్షించిన సేఫ్‌లకు టీఆర్‌టీఎల్-30 లాంటి గుర్తులు ఇస్తారు. పనిముట్లతో, గ్యాస్ కటింగ్ మంటతో (టార్చి) దాడి చేసినా తలుపు 30 నిమిషాలు ఆగిందని దాని అర్థం. అందులోనూ పనిముట్టు ఆడిన సమయాన్నే లెక్కిస్తారు, దాడి చేసేవాళ్ల విశ్రాంతిని కలపరు. మన దేశంలో సేఫ్‌లకు ఐఎస్ 550 ప్రమాణం ఉంది. నిమిషాలూ లేక, ప్రమాణం సంఖ్యా లేక, ఉత్త విశేషణాలతో లాకర్ అమ్మడం జనాన్ని మోసగించడమే.

నన్ను నిజంగా కలవరపెట్టేది వేరు. చాలా చౌక డిజిటల్ లాకర్లలో రెండు కోడ్‌లు ఉంటాయి. ఒకటి మనం మార్చుకునేది, రెండోది మాస్టర్ కోడ్. కొన్నవాళ్లు మొదటిది మార్చి ఊరుకుంటారు. రెండోది ఫ్యాక్టరీలో పెట్టినట్టే ఉండిపోతుంది, అది వాడుక పుస్తకంలో అచ్చయి ఉంటుంది, ఆ పుస్తకం ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతుంది. అలాంటి లాకర్‌ను తెరవడానికి నిప్పెందుకు? ఈరోజే రెండూ మార్చండి. అత్యవసర తాళంచెవిని అదే అల్మారాలో పెట్టకండి.

తర్వాత లాకర్‌ను నేలకో గోడకో బోల్టులతో బిగించండి. బిగించని చిన్న లాకర్‌ను దొంగ అక్కడ తెరవడు, ఎత్తుకుపోయి తీరిగ్గా తెరుస్తాడు. ఏటీఎంల విషయంలో రిజర్వు బ్యాంకు 2019లో ఇదే చెప్పింది. విమానాశ్రయాల వంటి గట్టి భద్రత ఉన్న చోట్లు తప్ప, మిగతా అన్నిచోట్లా యంత్రాన్ని గోడకో స్తంభానికో నేలకో బిగించమంది. నగదు నింపేటప్పుడు ఒక్కసారికే పనికొచ్చే డిజిటల్ కోడ్ తాళాలు వాడమంది. లాకర్‌తో వచ్చిన బోల్టులు చాలా ఇళ్లలో కవరు కూడా విప్పకుండా ఉండిపోతాయి.

ఫోన్ యాప్‌తో తెరుచుకునే లాకర్లు అసలు వద్దు. ఆ యాప్‌కు అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారో అమ్మేవాడు చెప్పడు. ఉక్కు తలుపు ముప్పై ఏళ్లు ఉంటుంది, యాప్ మూడేళ్లకే అనాథ కావచ్చు. నగలున్న పెట్టెకు వైఫై తగిలించి, దాని పాస్‌వర్డ్‌గా పిల్లల పుట్టినరోజు పెట్టే అలవాటు చూస్తుంటే కోపం వస్తోంది.

ప్రశ్న: మా వెల్డింగ్ షాపుకు డిజిటల్ డిస్‌ప్లే ఉన్న ఆక్సిజన్ రెగ్యులేటర్ తెప్పించాను. మర బిగుతుగా ఉంది. కొంచెం మెషిన్ ఆయిల్ వేయొచ్చా? – ఒక వెల్డర్, నంద్యాల

జవాబు: వద్దు, ఒక్క చుక్క కూడా వద్దు. ఆక్సిజన్ తాను మండదు, తాకిన దాన్నల్లా మండిస్తుంది. నిండు సిలిండర్‌లో ఒత్తిడి దాదాపు 150 బార్, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 150 రెట్లు. వాల్వు తెరిచిన క్షణంలో రెగ్యులేటర్‌లోని వాయువు నొక్కుకుపోయి వేడెక్కుతుంది, నూనె అంటుకోవడానికి ఆ వేడి చాలు. రెగ్యులేటర్ మీ ముఖం ముందే పేలుతుంది. గ్రీజు అంటిన చేతులతో కూడా దాన్ని ముట్టుకోకండి. బట్టల మీది దుమ్ము ఆక్సిజన్‌తో ఊదుకునే అలవాటు మీ షాపులో ఉంటే వెంటనే మాన్పించండి. ఆక్సిజన్ పీల్చుకున్న బట్టకు ఒక్క రవ్వ తగిలితే చాలు, మనిషి అంటుకుంటాడు.

అంకెలు మెరిసే డిస్‌ప్లే చూసి కొనకండి. ఆక్సిజన్, గ్యాస్ గొట్టాలు రెండింటికీ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు ఉన్నాయా అని అడగండి. మంట వెనక్కి పాకితే ఆపేది అవే. మర బిగుతుగా ఉంటే బలవంతంగా తిప్పకుండా వాపసు పంపండి. ఇప్పటికే నూనె వేసి ఉంటే, పెట్టె మీద ‘నూనె తగిలింది, ఆక్సిజన్‌కు వాడరాదు’ అని పెద్ద అక్షరాలతో రాయండి. లేకపోతే తుడిచేసి ఇంకొకరికి అమ్ముతారు.