మీ జగడం ఆ టీచరుతో కాదు

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. ఏడో తరగతి చదువుతున్న ఆమె కొడుకును, తోటి పిల్లలతో పాటు, రాకెట్ ప్రయోగం చూపించడానికి బడివారు శ్రీహరికోట తీసుకువెళ్తున్నారు. "మీవాడికి మతిమరుపు ఎక్కువ, ఈసారికి పంపకపోతేనే మంచిదేమో" అని క్లాసు టీచరు తల్లిదండ్రుల సమావేశంలో నలుగురి ముందూ అన్నారట. మావాడు అన్నిటికీ సిద్ధంగానే ఉన్నాడని ఈమె గట్టిగా వాదించి వచ్చారు. ప్రిన్సిపాలుకు ఫిర్యాదు చేయాలా, వచ్చే ఏడాది బడి మార్చాలా అన్నది ప్రశ్న.

అమ్మా, రెండూ వద్దు. ఆ మాట నలుగురి ముందు అనడం టీచరు తప్పే, అది ఆమెకే విడిగా చెప్పండి, చాలు. కానీ ఆమె భయంలో అన్యాయం లేదు. పిల్లలను చీకటితో బస్సెక్కించి, సుమారు 100 కిలోమీటర్లు తీసుకువెళ్లి, వేలమంది కూర్చునే గ్యాలరీలోంచి లెక్క తప్పకుండా వెనక్కి తేవలసింది ఆమె. అక్కడ ముందుగా పేరు నమోదు చేసుకున్నవారినే గుర్తింపు కార్డు చూసి లోపలికి పంపుతారు. మీవాడు ఆధార్ కార్డు ఇంట్లో వదిలి వస్తే గేటు దగ్గర చిక్కుపడేది ఆమే. ఇక బడి మార్చడమంటారా, కొత్త బడిలోనూ నీళ్ల సీసాలు పోతాయి.

నన్ను ఆపిన మాట మీ ఉత్తరం మూడో పేజీలో ఉంది. "ఏది పోయినా మా ఆయన 'అంతా వాళ్లమ్మ మాదిరే' అంటారు, నేను నవ్వి ఊరుకుంటాను" అని ఒక్క వాక్యం రాసి, వెంటనే మళ్లీ టీచరు మీదికి వెళ్లిపోయారు. పన్నెండేళ్లుగా ఇంట్లో పడుతున్న మాటను ఆ రోజు బయటి మనిషి నోట విన్నారు కనుకనే మీకు అంత కోపం వచ్చిందని నా అనుమానం. మొగుడికి చెప్పవలసిన జవాబు టీచరుకు చెప్పి వచ్చారు.

ఆ మాట పడకూడదనే కదా, రాత్రి పదకొండింటికి వాడు నిద్రపోయాక మీరు కూర్చుని సంచి సర్దేది, డయ్యరీ తిరగేసేది, జామెట్రీ బాక్సులో స్కేలు ఉందో లేదో చూసేది? ఒక్క నెలలో టిఫిన్ డబ్బా పట్టుకుని మూడుసార్లు స్కూటీ మీద బడికి పరుగెత్తానని మీరే రాశారు. వాడి సంచిలో ఏముందో వాడికి తెలియదు. తెలియని వస్తువు పోతే గుర్తుకు రమ్మంటే ఎలా వస్తుంది?

ఇంతకీ వాడు నిజంగా మతిమరుపు మనిషేనా? వేసవి సెలవుల్లో బంగారుపాళ్యం దగ్గర తాతగారి మామిడి తోటలో, కరెంటు వచ్చే వేళకు ఎవరూ లేపకుండానే లేచి మోటారు వేస్తాడని, ఏ వరుసకు నీళ్లు పారాయో లెక్కపెట్టుకుని గేటువాల్వు తిప్పుతాడని గర్వంగా రాశారు. అక్కడ అవ్వ గానీ తాత గానీ వాడి వెనుక తిరగరు, ఎవరి పోలికో వెతకరు. ఎక్కడికి వెళ్లినా, ఏ పని చెప్పినా నెలల తరబడి ఇదే తీరైతే మీ ఊరి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యునికి చూపించమనేదాన్ని. మీరు రాసినదాన్ని బట్టి నాకు ఆ అవసరం కనిపించడం లేదు.

భర్త అన్న మాటను నవ్వి దాటవేయడం ఇల్లాలి ఓర్పని మనల్ని పెంచారు. నేను ఒప్పుకోను. మీ నవ్వు చూసి ఆయన అది సరదా మాటే అనుకుంటున్నారు, అబ్బాయేమో అమ్మను అలా అనవచ్చని నేర్చుకుంటున్నాడు. ఈ రాత్రి భోజనాలయ్యాక, పిల్లవాడు లేని చోట, గొంతు పెంచకుండా, "ఇంకోసారి వాడి ముందు నన్ను ఆ మాట అనవద్దు" అని చెప్పండి. ఎందుకని అడిగితే ఈ ఉత్తరంలో నాకు రాసినదంతా ఆయనకే చెప్పండి. మీ అత్తగారు మధ్యలో కలగజేసుకున్నా సంజాయిషీ ఇవ్వకండి.

ప్రయాణం సంగతికి వస్తే, పంపండి. తేవలసిన వస్తువుల జాబితా టీచరును అడిగి, వాడి చేతే రాయించి, వాడి చేతే సర్దించండి. మీరు సంచి జిప్పు ముట్టుకోవద్దు. టోపీ మరిచిపోతే ఒక పూట ఎండలో కూర్చుంటాడు, ఏమీ కాదు. ఆధార్ నకలు ఒకటి మాత్రం ముందురోజే టీచరు చేతికి ఇచ్చి రండి, అది ఆమెకు మీరిచ్చే మర్యాద. తెల్లవారుజామున వాడిని బస్సు దగ్గర దింపి రావడం మీ ఆయన పని. మీరు వెంట వెళ్లకండి.